బంతి పడే చోటు

2023 జులై 23. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నగరం. మనకు వానాకాలం, వాళ్లకు నడి చలికాలం. మహిళల ప్రపంచకప్‌లో స్వీడన్ తన తొలి మ్యాచ్ దక్షిణాఫ్రికాతో ఆడుతోంది. ర్యాంకుల్లో ఎంతో దిగువనున్న దక్షిణాఫ్రికాయే ముందు గోల్ కొట్టి స్వీడన్‌కు చెమటలు పట్టించింది. ఫ్రిడోలినా రోల్ఫో స్కోరు సమం చేసింది గానీ ఆట ఎటూ తేలడం లేదు. తొంభయ్యో నిమిషంలో కొసొవారె అస్లానీ కార్నర్ నుంచి బంతిని గాల్లోకి లేపింది. గోల్ ముందున్న గుంపులోంచి ఒక తల అందరికన్నా పైకి లేచింది. 2-1.

ఆ తల స్ట్రైకర్‌ది అయ్యుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. గోల్స్ పడకుండా ఆపడానికి పెట్టుకున్న సెంటర్ బ్యాక్ అమాండా ఇలెస్టెడ్‌ది అది. టోర్నీ ముగిసేసరికి ఆమె పేరిట నాలుగు గోల్స్ ఉన్నాయి. అంతకన్నా ఎక్కువ కొట్టింది ఒక్కరే, ఐదు గోల్స్‌తో జపాన్‌కు చెందిన హినాతా మియాజావా. టోర్నీలో మూడో ఉత్తమ క్రీడాకారిణికిచ్చే కాంస్య బంతి కూడా ఇలెస్టెడ్‌కే దక్కింది.

డిఫెండర్‌కి నాలుగు గోల్సా అని నోరెళ్లబెట్టినవాళ్లు చాలామందే ఉంటారు. నాకైతే ఆ నాలుగూ డిఫెండర్ విద్యలోంచి పుట్టినవే అనిపిస్తుంది. గాల్లో ఉన్న బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, అవతలివాళ్లకన్నా ఒక్క అడుగు ముందు అక్కడికి చేరడం ఆ విద్య. సొంత గోల్ ముందు చేస్తే ఎవరికీ గుర్తుండదు. అదే పని అవతలి గోల్ ముందు చేస్తే స్కోరుబోర్డు మీదికెక్కుతుంది.

ఇలెస్టెడ్ 1993 జనవరిలో దక్షిణ స్వీడన్‌లోని సోల్వెస్‌బోరి అనే చిన్న ఊళ్లో పుట్టింది. దగ్గర్లోని కార్ల్స్‌క్రోనా జట్టులో ఆడి, 2009లో పదహారేళ్ల వయసులో మాల్మో చేరింది. తర్వాత రోసెన్‌గార్డ్‌గా పేరు మారిన ఆ క్లబ్బు ఆమె ఉన్న కాలంలో ఐదుసార్లు దేశ విజేత అయింది. 2012లో అండర్-19 యూరప్ ఛాంపియన్‌షిప్ గెలిచిన స్వీడన్ జట్టులోనూ ఆమె ఉంది. 2017లో జర్మనీలోని పోట్స్‌డామ్, 2019లో బయర్న్ మ్యూనిక్, 2021లో పారిస్ సెయింట్ జెర్మెయిన్, 2023 ప్రపంచకప్‌కు కాస్త ముందు ఆర్సెనల్. మధ్యలో టోక్యో ఒలింపిక్స్ వెండి పతకం. చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈ ఊళ్ల జాబితా వల్ల ఆమె ఆట అర్థం కాదు. దానికి ఆమె పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందటి మాల్మోకి వెళ్లాలి.

1974లో బాబ్ హౌటన్ అనే ఇరవయ్యారేళ్ల ఇంగ్లిష్ కోచ్ మాల్మో పురుషుల జట్టు పగ్గాలు పట్టాడు. రెండేళ్లకు అతని స్నేహితుడు రాయ్ హాడ్జ్‌సన్ హాల్మ్‌స్టాడ్ జట్టుకొచ్చాడు. అప్పటిదాకా అక్కడ చాలా జట్లు అవతలి మనిషిని నీడలా వెంటాడుతూ కాపు కాసేవి. నీకు తొమ్మిదో నంబరు, నాకు పదో నంబరు అని మనుషుల్ని పంచుకోవడం. వీళ్లిద్దరూ మనిషిని వదిలెయ్యమన్నారు, చోటుని కాపు కాయమన్నారు. విన్నవాళ్లకు అది విడ్డూరంగా తోచింది. ఆటగాళ్లను మరమనుషుల్ని చేస్తున్నారని స్వీడన్‌లోనే గట్టి విమర్శలొచ్చాయి. అంతకుముందు ఏడు దిగువ లీగ్‌కు పడిపోకుండా అంచున తప్పించుకున్న హాల్మ్‌స్టాడ్ 1976లో దేశ విజేత అయింది. మాల్మో 1979లో ఏకంగా యూరప్ కప్ ఫైనల్‌కి చేరి ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ తర్వాత నోళ్లు మూతపడకపోయినా స్వరం తగ్గింది.

ఈ హౌటన్ మనకు తెలియనివాడేం కాదు. 2006 నుంచి 2011 దాకా భారత పురుషుల జట్టు కోచ్ ఆయనే. 2011లో స్వీడన్ మహిళలకు ప్రపంచకప్ కాంస్యం తెచ్చిన తోమస్ డెనర్‌బీ కూడా తర్వాత మన అమ్మాయిల జట్లకు శిక్షణ ఇచ్చాడు. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో మన బెంచీ మీద కూర్చున్న కోచ్ అతనే. మూడు మ్యాచ్‌లూ ఓడాం, అది వేరే కథ.

చోటుని కాపు కాయడమంటే ఏమిటో కబడ్డీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కూతకొచ్చినవాడి వెంట ఏడుగురూ పరుగెత్తరు. చేతులు కలిపి గొలుసుగా నిలబడతారు. వాడు ఏ మూలకు జరిగితే గొలుసు అటు వంగుతుంది. మూలన కాచుకున్న ఆటగాడు వాడి ముఖం చూడడు, కాలు ఎక్కడ పడబోతోందో చూస్తాడు.

ఫుట్‌బాల్‌లో నలుగురు డిఫెండర్లు అడ్డంగా గొలుసు కడతారు. బంతి ఎడమ అంచుకి వెళ్తే నలుగురూ కలిసి ఎడమకు జరుగుతారు. అప్పుడు కుడివైపు మైదానం ఖాళీగా పడి ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లకు అదేదో ఘోరమైన పొరపాటులా కనిపిస్తుంది. కానీ బంతి అక్కడికి చేరాలంటే గాల్లో రెండు మూడు క్షణాలైనా ప్రయాణించాలి. ఆ వ్యవధిలో గొలుసు మళ్లీ అటు జరగగలదు. దూరంగా ఉన్న ఖాళీని వదులుకుని, దగ్గరున్న ఖాళీని మూసెయ్యడం. ఇంత పొదుపైన లెక్క ఏ శెట్టిగారి కొట్లోనూ కనపడదు.

కష్టమంతా ముందుకు రావాలా, వెనక్కి తగ్గాలా అన్న నిర్ణయంలో ఉంది. అవతల బంతి ఉన్న ఆటగత్తె మీద ఒత్తిడి లేక, తల పైకెత్తి తీరిగ్గా చూస్తోందంటే వెనకున్న ఖాళీలోకి పొడుగు బంతి వస్తుంది. అప్పుడు వెంటనే వెనక్కి తగ్గాలి. తల దించుకుని బంతితో కుస్తీ పడుతోందంటే, లేదా వీపు తిప్పి ఉందంటే, నలుగురూ కలిసి రెండడుగులు ముందుకు రావాలి. ముగ్గురు కదిలి ఒకరు కదలకపోతే ఆఫ్‌సైడ్ గీత కాస్తా తలుపు తీసిన గుమ్మం అవుతుంది. అందుకే మధ్యనున్న సెంటర్ బ్యాక్ నోరు మూతపడదు. టీవీలో మనకు వినపడదు గానీ ఆమె తొంభై నిమిషాలూ కేకలేస్తూనే ఉంటుంది. నిలబడే తీరు కూడా చూడండి. బంతికి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడదు, ఓరగా నిలబడుతుంది. ఒక భుజం మీదుగా బంతినీ, రెండో భుజం మీదుగా వెనక పొంచి ఉన్న స్ట్రైకర్‌నీ చూడాలి. కాళ్లు మెలిపడకుండా ఎటైనా తిరిగి పరుగెత్తాలి.

ఈ విద్య పై వయసులోనూ పట్టుబడుతుందనడానికి నిల్లా ఫిషర్ సాక్ష్యం. ఏళ్ల తరబడి జాతీయ జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా ఆడిన ఫిషర్‌ని, 2013లో కోచ్ పియా సుంధాగె సెంటర్ బ్యాక్‌గా మార్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. మిడ్‌ఫీల్డ్‌లో నేర్చుకున్న చూపు వెనక వరుసలో ఇంకా పదునెక్కింది. అదే ఏడాది వోల్ఫ్స్‌బర్గ్‌కి వెళ్లి, 2014లో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆమె గురించి ఒక్క క్షణం చెప్పమంటే 2019 జులై 6న నీస్‌లో ఇంగ్లండ్‌తో కాంస్య పతక పోరు చెబుతాను. స్వీడన్ 2-1తో ముందుంది, ఆట చివరికొచ్చింది. లూసీ బ్రాంజ్ కొట్టిన షాట్ గోల్‌లోకే దూసుకొస్తోంది. సరిగ్గా గోల్ గీత మీద నిలబడి ఉన్న ఫిషర్ తలతో దాన్ని బయటికి నెట్టింది. అక్కడికి ఎలా వెళ్లిందని అడిగితే జవాబు చిన్నది. గోల్‌కీపర్ ముందుకొచ్చిన ప్రతిసారీ వెనక ఖాళీ అయిన గీత మీదికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఇరవైసార్లు ఊరికే వెళ్లి రావాలి, ఇరవై ఒకటోసారి బంతి వస్తుంది.

గాలి బంతి విలువ స్వీడన్‌కు ఊరికే తెలియలేదు. 2003 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీతో 1-1గా ఉండగా అదనపు సమయంలో ఒక ఫ్రీకిక్ గాల్లో లేచింది. ఆట చివర్లో దిగిన జర్మనీ క్రీడాకారిణి నియా క్యుంజర్ దాన్ని తలతో గోల్‌లోకి పంపింది. అప్పట్లో బంగారు గోల్ నియమం ఉండేది కాబట్టి ఆట అక్కడికక్కడే ముగిసిపోయింది. ఆ కప్ ఈనాటికీ స్వీడన్‌కు దక్కలేదు. 1991, 2011, 2019, 2023ల్లో నాలుగు కాంస్యాలు మాత్రం వచ్చాయి. ఒక్క హైదరాబాదులో ఉన్నంతమంది జనం ఉన్న దేశానికి అది తక్కువేం కాదు.

ఇప్పుడు ఇలెస్టెడ్ గోల్స్‌ని మళ్లీ చూద్దాం. 2023 జులై 29, మళ్లీ వెల్లింగ్టన్, ఎదుట ఇటలీ. ఎడమ కాలి వాటం ఉన్న యోన్నా ఆండర్సన్ కార్నర్లు కొడుతోంది. కుడి మూల నుంచి ఎడమ కాలితో కొడితే బంతి వంపు తిరిగి గోల్ వైపే వస్తుంది. ఎవరి తల తగిలినా, తగలకపోయినా ప్రమాదమే. స్వీడన్ అమ్మాయిలు కొందరు గోల్‌కీపర్ చుట్టూ గుమిగూడతారు. తోయరు, పట్టుకోరు, ఊరికే నిలబడతారు. పండగ రోజు బస్టాండులో మన ముందున్న జనంలా! కీపర్‌కు బంతి కనిపిస్తుంది గానీ దాని దగ్గరికి దారి కనపడదు. ఇలెస్టెడ్ ఆ గుంపుకు బయట ఆగుతుంది. బంతి గాల్లోకి లేచాక పరుగు మొదలుపెడుతుంది. అసలు కిటుకంతా ఈ ఆలస్యంలోనే ఉంది. ముందే వెళ్లి కింద నిలబడితే ఉన్నచోటే ఎగరాలి. పరుగెత్తుకొచ్చి ఎగిరితే ఆ ఊపు మెడలోకి, నుదుటిలోకి వస్తుంది. కళ్లు మూయకూడదు, నడినెత్తితో కొట్టకూడదు, నుదుటి ఎముకతో కొట్టాలి. సొంత గోల్ ముందైతే బంతి కింది భాగాన్ని కొట్టి ఎత్తుగా దూరంగా పంపుతుంది. అవతలి గోల్ ముందు పై భాగాన్ని కొట్టి నేలవైపు దించుతుంది. తేడా ఆ బెత్తెడే. ఆ రోజు ఆండర్సన్ కార్నర్ల మీద ఇలెస్టెడ్ రెండు గోల్స్ కొట్టింది. స్వీడన్ 5-0తో గెలిచింది.

నాలుగో గోల్ క్వార్టర్ ఫైనల్లో జపాన్ మీద. అది హెడర్ కాదు. గోల్ ముందు జరిగిన తొక్కిసలాటలో విడిపడిన బంతిని కాలితో కొట్టింది. అంతకుముందు మ్యాచ్‌లో అమెరికాను గోల్ కొట్టనివ్వకుండా పెనాల్టీల దాకా లాగింది కూడా ఈ వెనక వరుసే. గోల్‌కీపర్ జెచిరా ముసోవిచ్ ఆ రోజు అడ్డుగోడలా నిలబడిందనుకోండి.

కార్నర్ల మీద బతికే జట్టు అని స్వీడన్‌ని ఎగతాళి చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ వెళ్లే ఆటే అందమని వాళ్ల నమ్మకం. నాకు అదీ ఇష్టమే. కానీ పదకొండుమంది ఏకకాలంలో రెండడుగులు ముందుకేసే దృశ్యంలో అందం లేదంటే ఒప్పుకోలేను.

ఆగస్టు 15న ఆక్లాండ్‌లో సెమీఫైనల్, స్పెయిన్‌తో. 81వ నిమిషంలో స్పెయిన్ గోల్. 88వ నిమిషంలో రెబెకా బ్లోమ్‌క్విస్ట్ సమం చేసింది. ఊపిరి పీల్చుకునేలోగా స్పెయిన్‌కు కార్నర్ దొరికింది. స్వీడన్ అమ్మాయిలు బాక్సు నిండా తమ తమ చోట్లలో నిలబడ్డారు. ఇలెస్టెడ్ గోల్ ముందు ఉంది. అందరి కళ్లూ గాల్లోకి లేవబోయే బంతి కోసమే. స్పెయిన్ ఆ బంతిని లేపలేదు. నేల మీదుగా బాక్సు అంచుకి తోసింది. అక్కడ ఓల్గా కార్మోనా ఒక్కతే ఉంది. ఆమె కొట్టిన షాట్ గుంపు తలల మీదుగా వెళ్లి, గోల్ అడ్డకర్రకు తగిలి లోపల పడింది.