పళ్లెంలో నీళ్లు

పంది మాంసం కొనేటప్పుడు నా చూపు ముందు ముక్క కింద పళ్లెం మీదికి పోతుంది. అందులో నీళ్లు ఊరి ఉంటే బేరమాడను. పాలిపోయి, నొక్కితే గుంటపడే ఆ కండ మూకుట్లో వేయగానే కుంచించుకుపోతుంది, నమిలితే పీచు. పశువైద్యుణ్ణి కదా, ఆ నీళ్లు చూస్తే నాకు పంది వంశం గుర్తొస్తుంది.

కండ ఎక్కువ, కొవ్వు తక్కువ కావాలని ఏరి ఏరి పెంచిన బెల్జియం పియెట్రెయిన్ లాంటి జాతుల్లో ఒక లోపం పాతుకుపోయింది. కండరంలోకి కాల్షియాన్ని వదిలే ప్రోటీన్ ఒకటుంది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారితే, గడియ ఊడిన తలుపులా అది సరిగా మూసుకోదు. బెదిరితే చాలు, పంది బిగుసుకుపోయి చస్తుంది. కోతదాకా బతికినా, కళేబరం వెచ్చగా ఉండగానే ఆమ్లం పేరుకుని కండ నీటిని పట్టుకోలేదు. 1991లో కెనడా శాస్త్రవేత్తలు ఆ అక్షరాన్ని పట్టుకునేదాకా పరీక్ష ఏమిటంటే, పందిపిల్లలకు హాలోథేన్ మత్తు పీల్పించి చూడటం! కాళ్లు బిగిస్తే తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వచ్చినట్టు. ఒకరి నుంచే లోపం వచ్చిన పిల్ల బిగించేది కాదు. పైగా కండ బాగా పట్టేది. దాన్నే విత్తనానికి ఉంచుకునేవారు.

అన్నిటికీ జన్యువునే తిట్టకూడదనుకోండి. కాళ్లు కట్టి టెంపోలో కుక్కి తెచ్చి, దింపగానే కోస్తే ఏ జాతి మాంసమైనా పాడవుతుంది.

మన ఊరి నల్లపందికి, బెంగాల్ ఘుంగ్రూకి, మేఘాలయ నియాంగ్ మేఘాకి ఈ ఎంపిక పెద్దగా తగల్లేదు. పెరగడం నిదానం, వెన్ను మీద కొవ్వు మందం. రుచినిచ్చేది మాత్రం ఆ వెన్నుకొవ్వు కాదు, కండ పోగుల మధ్య సన్నగా అల్లుకునేది. అది ఎంత ఉండాలన్నదాంట్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. వెన్నుకొవ్వు తగ్గించి దీన్ని నిలుపుకోవడం కష్టమేగానీ అసాధ్యం కాదు.

సంకరం వద్దనను. గువాహటి దగ్గర రాణిలోని జాతీయ పంది పరిశోధన కేంద్రం ఘుంగ్రూని హ్యాంప్‌షైర్ జాతితో కలిపింది. ఎదుగుదల కావాలి, రైతు బతకాలి. కాకపోతే హ్యాంప్‌షైర్‌కి సొంత జబ్బు ఇంకొకటుంది. 2000లో బయటపడ్డ మరో జన్యుమార్పు కండలో గ్లైకోజెన్‌ను 70 శాతం దాకా పెంచుతుంది. చచ్చాక అది ఆమ్లమై, వండితే తరుగు. ఇది ఒక్కరి నుంచి వచ్చినా చాలు.

పోతును కొనేవాళ్లు ఈతకెన్ని పిల్లలు, ఎన్ని నెలలకెంత బరువు అని అడుగుతారు. ఈ రెండు జన్యువుల సంగతి అడిగిన రైతు నాకింకా తగల్లేదు. నాలుగు వెంట్రుకలు కుదుళ్లతో పీకి పంపితే పరీక్ష అయిపోతుంది. అడగకపోవడం రైతు తప్పూ కాదు: బజారులో కిలో లెక్కే, అందులో నీళ్లూ తూగుతాయి.