ఇంకొక్క వంతు ఆడి లేద్దాం

క్రీస్తుపూర్వం 4000. తెర నిండా మసక, నడుమ కాస్త నేల. మన చేతిలో ఉన్నది వలసజనం గుంపు ఒకటి, కాపలాకు ఒక యోధుడు. ఏటి ఒడ్డున ఊరు వేస్తే జనం త్వరగా పెరుగుతారు. కొండల దాపున వేస్తే రేపు కట్టబోయే విద్యాపీఠానికి బలం. రెండూ కలిసొచ్చే చోటు కోసం తిరిగితే వంతులు దండగ. ‘సివిలైజేషన్’ ఆటలో ఇదంతా మొదటి అయిదు నిమిషాల తలనొప్పే. మనం మీట నొక్కేదాకా మాత్రం చరిత్ర కదలదు.

సిడ్ మెయర్, బ్రూస్ షెల్లీ 1991లో మైక్రోప్రోస్ సంస్థ తరఫున తెచ్చిన ఆట ఇది. తొలి నమూనాలో కాలం దానంతటదే పరుగెత్తేదట. ఆడేవాడు చేతులు కట్టుకుని చూడాల్సి వస్తోందని మెయర్ వంతుల పద్ధతికి మారారు. ఆటను నిలబెట్టింది ఆ మార్పే.

వంతులవారీ ఆటలు మనకు కొత్త కాదు. కానీ పులిజూదంలో పులులూ మేకలూ అన్నీ కళ్లెదుటే ఉంటాయి. ఇక్కడ సగం లోకం కనబడదు, వేసిన ఎత్తు ఫలితం ఎప్పుడో గానీ తేలదు. ధాన్యాగారానికి ఇంకా మూడు వంతులు, గుర్రపుస్వారీ పట్టుబడటానికి అయిదు, సరిహద్దుకు బయల్దేరిన సేన చేరడానికి రెండు. అన్నీ ఒక్కసారే ముగిస్తే లేచిపోతాం. ముగియవు. ఒకటి చేతికందేసరికి మరొకటి సగంలో ఊరిస్తుంటుంది. తెల్లవారుజామున ‘ఇంకొక్క వంతు’ అనిపించేది అందుకే.

2010లో వచ్చిన ఈ ఆట అయిదో భాగం పటాన్ని ఆరు పలకల గడులుగా మార్చి, గడికి ఒక్క సేనే అంది. అంతకుముందు సేనల్ని ఒకే గడిలో కుప్పపోసి మీద పడేవారు. కొత్త నియమంతో ఇరుకు కనుమకు విలువొచ్చింది, ముందు ఈటెలు, వెనక విల్లులు అన్న ఆలోచన వచ్చింది. నాకు అంతకంటే నచ్చింది 2016 నాటి ఆరో భాగం. అందులో రాతిగని తవ్వితే తాపీపని విద్యలో చాలా భాగం కలిసొస్తుంది, ఒడిసెల సైనికుడు శత్రువును కూలిస్తే విలువిద్య. సముద్రపు ఒడ్డున ఊరు వేసినవాడికే నౌకాయానం ముందు అబ్బుతుంది. ఏ నేల మీద బతికితే ఆ నేల విద్యే వస్తుందన్న మాట! పాఠ్యపుస్తకం పేజీలు ఖర్చుపెట్టి చెప్పే సంగతి ఇది.

ఈ ఆటలో గాంధీ అణుబాంబులు వేస్తాడన్న కథ మనవాళ్లందరూ వినే ఉంటారు. తొలి ఆటలో లెక్క తప్పి అలా జరిగిందన్నది ఉత్తదేనని మెయర్ 2020 నాటి తన ఆత్మకథలో తేల్చేశారు. అయితే అయిదో భాగంలో ఆ గుణాన్ని తమాషాకు కావాలనే పెట్టారు.

తమాషా కానిది ఇంకొకటుంది. ఖాళీ నేల కనిపిస్తే ఆక్రమించు, అడ్డొస్తే ‘అనాగరికుల’ని తరిమేయి అన్నది ఈ ఆట నరనరానా ఉంది. 2018లో కెనడాకు చెందిన క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ను ఇందులో చేర్చినప్పుడు, ఆయన తెగవారే అభ్యంతరం చెప్పారు. భూమిని జయించడమే గెలుపనే లెక్క తమది కాదన్నారు. వాళ్ల మాటే నిజం. ఈ ఆట చరిత్ర చెప్పదు, ఒక రాజ్యం బుర్ర ఎలా పనిచేస్తుందో చెబుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు చిన్న పటం, ‘ప్రిన్స్’ స్థాయి ఎంచుకోండి. ఆపై స్థాయిల్లో కంప్యూటర్ తెలివి పెంచుకోదు, రాయితీలు పుచ్చుకుంటుంది. మర్నాడు ఆఫీసు లేని రాత్రయితే మరీ మంచిది.