దారుల పట్టిక, ఆదేశాల రాత

క్లౌడ్ అని వాడుకలో పిలిచే అద్దె కంప్యూటర్ల వ్యవస్థలో తీగలూ స్విచ్చులూ రూటర్లూ ఎక్కడో ఉన్నప్పటికీ, అద్దెకు తీసుకున్నవారి చేతికి అవి అందవు. వారికి అందేది ఆ సామగ్రికి బదులుగా నిలిచే రాత మాత్రమే, అందులోనూ ముఖ్యమైనది రూట్ టేబుల్ అనే దారుల పట్టిక. ఈ పట్టికలోని ప్రతి వరుసా రెండు సంగతులు చెబుతుంది: గమ్యం ఏది, అక్కడికి వెళ్లవలసిన ప్యాకెట్‌ను, అంటే చిరునామా రాసి పంపే చిన్న డేటా పొట్లాన్ని, ముందుగా ఎవరికి అప్పగించాలి. అమెజాన్ సంస్థ 2006లో ఈసీ2 పేరుతో కంప్యూటర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టి, 2009లో వీపీసీ పేరుతో ఖాతాదారు తనకంటూ ఒక ప్రైవేటు నెట్‌వర్క్ గీసుకునే ఏర్పాటు తెచ్చిన తరువాత, అంతవరకు నెట్‌వర్క్ నిపుణులకే పరిమితమైన ఈ పట్టికను దిద్దే పని సాధారణ ప్రోగ్రామర్ల చేతికి వచ్చింది.

ఆ పని బ్రౌజర్‌లో బొత్తాలు నొక్కి చేయవచ్చు, లేదా కమాండ్ లైన్‌లో ఆదేశాలు టైపు చేసి చేయవచ్చు. రెండో పద్ధతి 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంప్రదాయపు వారసత్వం. ఒక ఆదేశం ఒక పనే చేయాలి, దాని ఫలితం మరో ఆదేశానికి ముడిసరుకు కావాలి అన్నది ఆ సంప్రదాయపు మూలసూత్రం. అమెజాన్ కమాండ్ లైన్ సాధనాన్ని ఏడబ్ల్యూఎస్ అనీ, గూగుల్ సాధనాన్ని జీక్లౌడ్ అనీ, మైక్రోసాఫ్ట్ అజూర్ సాధనాన్ని ఏజెడ్ అనీ పిలుస్తారు. పేర్లు వేరైనా మూడూ ఆ పాత బడిలోనే చదువుకున్నాయి.

ఆదేశాల జోలికి వెళ్లేముందు చిరునామాల లెక్క తెలియాలి. ఐపీవీ4 చిరునామా 32 బిట్ల సంఖ్య. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చి కుటుంబాన్నీ, ఆ తరువాతి పేరు మనిషినీ సూచించినట్టే, ఈ సంఖ్యలో ముందున్న బిట్లు నెట్‌వర్క్‌నూ మిగిలినవి అందులోని యంత్రాన్నీ సూచిస్తాయి. ఇంటిపేరు ఎన్ని బిట్ల దగ్గర ముగుస్తుందో ఏటవాలు గీత తరువాతి సంఖ్య చెబుతుంది, 10.0.0.0/16 అంటే మొదటి 16 బిట్లు ఇంటిపేరు, మిగిలిన 16 బిట్లతో 65,536 చిరునామాలు. దీన్ని సబ్‌నెట్లుగా, అంటే చిన్న వాటాలుగా పంచినప్పుడు ఒక్కొక్క /24 వాటాకు 256 చిరునామాలు వస్తాయి, అయితే ప్రతి సబ్‌నెట్‌లోనూ అయిదింటిని అమెజాన్ తన అవసరాలకు ఉంచుకుంటుంది కాబట్టి ఖాతాదారుకు మిగిలేవి 251.

ఒకే చిరునామాకు పట్టికలో రెండు వరుసలు సరిపోయినప్పుడు ఇంటిపేరు పొడవుగా ఉన్న వరుస, అంటే గమ్యాన్ని మరింత కచ్చితంగా చెప్పే వరుస గెలుస్తుంది. ఈ ఒక్క నియమం బలం ఎంతటిదో 2008 ఫిబ్రవరి 24న లోకానికి తెలిసింది. యూట్యూబ్ తన చిరునామాలను 208.65.152.0/22 అని ప్రకటించుకుని ఉండగా, తమ దేశంలో ఆ సైటును అడ్డుకోబోయిన పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 అనే మరింత కచ్చితమైన దారిని ప్రకటించింది, ఆ ప్రకటన దేశ సరిహద్దు దాటి పాకిపోవడంతో ఎక్కడెక్కడి రూటర్లూ ఆ దారినే నమ్మాయి. యూట్యూబ్ చివరకు తన చిరునామాలను /25 ముక్కలుగా ప్రకటించి, అంటే ఇంకా పొడవైన ఇంటిపేరుతో, దారిని వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. క్లౌడ్ పట్టికలోనూ ఇదే నియమం నడుస్తుంది: 0.0.0.0/0 అనే వరుసకు ఇంటిపేరే లేదు కనుక అది అన్నిటికీ సరిపోతుంది, మరే వరుసా కుదరనప్పుడు మాత్రమే దాని వంతు వస్తుంది.

కమాండ్ లైన్ పనిలో అనుభవజ్ఞులను కొత్తవారి నుంచి వేరుచేసేది మార్చే ఆదేశాల పరిజ్ఞానం కాదు, చూసే ఆదేశాల అలవాటు. అమెజాన్ సాధనంలో డిస్క్రైబ్-రూట్-టేబుల్స్ అనే ఆదేశం పట్టికలన్నిటినీ చూపుతుంది, క్వెరీ అనే జోడింపుతో వాటిలో కావలసిన గడులను మాత్రమే ఏరుకోవచ్చు. ఏ ప్రాంతపు డేటా కేంద్రాలను అడుగుతున్నామో చెప్పడం మరువకూడదు. ముంబయి కేంద్రాల పేరు ఏపీ-సౌత్-1, 2022లో ప్రారంభమైన హైదరాబాద్ కేంద్రాల పేరు ఏపీ-సౌత్-2. ఇక్కడి ఏపీ ఆసియా పసిఫిక్ అనే మాటకు పొట్టి రూపం, దానికీ ఆంధ్రప్రదేశ్‌కూ సంబంధం లేదు. సబ్‌నెట్‌కు ప్రత్యేకంగా ఏ పట్టికనూ జతచేయకపోతే అది మెయిన్ అనే ఉమ్మడి పట్టికను అనుసరిస్తుంది, అందువల్ల ఒక సబ్‌నెట్ కోసమని ఆ ఉమ్మడి పట్టికను దిద్దితే జతలేని సబ్‌నెట్లన్నిటి దారీ మారిపోతుంది. వరుస పక్కన బ్లాక్‌హోల్ అని కనిపిస్తే దారి రాసి ఉంది గానీ దాని అవతలి కొస లేదని అర్థం.

డ్రై-రన్ అనే జోడింపు పేరు వినగానే అది మార్పు ఫలితాన్ని ముందుగా రుచి చూపిస్తుందని అనిపిస్తుంది, కానీ ఆ పని చేయడానికి అనుమతి ఉందో లేదో చెప్పడం వరకే దాని బాధ్యత. ఉన్న దారిని మార్చవలసినప్పుడు పాత వరుసను తొలగించి కొత్తది చేర్చడం కంటే రీప్లేస్-రూట్ వాడటం మేలు, ఎందుకంటే మొదటి పద్ధతిలో రెండు ఆదేశాల మధ్య దారి లేని వ్యవధి మిగులుతుంది. రెండు నెట్‌వర్క్‌లను పీరింగ్ ద్వారా, అంటే నేరుగా ఒకదానితో ఒకటి, కలిపినప్పుడు ఇరువైపుల పట్టికల్లోనూ వరుస రాయాలి. వెళ్లిన ప్యాకెట్‌కు తిరుగుదారి కూడా కావాలన్న ఈ చిన్న సంగతి మరచిపోవడం వల్ల గంటలు వృథా అవుతుంటాయి.

కమాండ్ లైన్ పద్ధతి విలువ వేగంలో ఉందని చాలామంది అంటారు, అది సగం నిజం. బొత్తాల వరుస నొక్కేవారి చేతివేళ్లలోనే ఉండిపోతుంది, ఆదేశం మాత్రం పాఠ్యం. అమలుకు ముందే మరొకరు చదివి తప్పు పట్టవచ్చు, ఫైలులో దాచవచ్చు, ఆర్నెల్ల తరువాత ఎందుకు చేశారో తెలుసుకోవచ్చు. అయితే పది పట్టికలను ఒకేసారి సరిదిద్దే శక్తే పదింటినీ ఒకేసారి చెడగొట్టే శక్తి కూడా. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు సుమారు ఆరు గంటలు ఆగిపోవడానికి కారణం మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశమే; అది డేటా కేంద్రాలను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ను మొత్తంగా తెంచివేసింది, అటువంటి ఆదేశాలను ఆపవలసిన తనిఖీ సాధనం అందులోని లోపం వల్ల ఆపలేకపోయింది. దిద్దడానికి వాడే సాధనాలు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడినందున ఇంజనీర్లు డేటా కేంద్రాలకు స్వయంగా వెళ్లవలసి వచ్చింది.

కూర్చున్న కొమ్మను నరుక్కునే ఈ ప్రమాదం అద్దె క్లౌడ్‌లో కొంత తక్కువ, ఎందుకంటే ఆదేశం ఖాతాదారు గీసుకున్న దారుల మీదుగా కాక ఏపీఐ అనే, ఆదేశాలను అందుకునే సంస్థ సొంత ద్వారం గుండా వెళుతుంది, కనుక తన నెట్‌వర్క్ మొత్తం తెగిపోయినా దాన్ని సరిదిద్దే ద్వారం మూసుకోదు. అయితే సరిదిద్దాలంటే పోయిన వరుసలో ఏముందో తెలిసి ఉండాలి. అమెజాన్‌లోని క్లౌడ్‌ట్రెయిల్ అనే చిట్టా గడచిన 90 రోజుల్లో ఏ వరుసను ఎవరు ఎప్పుడు తొలగించారో చెబుతుంది; తొలగించిన ఆ వరుస ఎవరి చేతికి దారితీసేదో ఆ నమోదులో ఉండదు. మార్పుకు ముందు పట్టికను ఫైలులోకి దించుకున్నవారి దగ్గరే ఆ సమాధానం ఉంటుంది.