మరిగే కాఫీ, మింక్ కోటు

ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ది బిగ్ హీట్' (1953)ని నిజాయితీపరుడైన పోలీసు కథగా చెప్పుకుంటారు. నాకది నలుగురు స్త్రీల చావుల కథ. లూసీ నిజం చెప్పడానికొస్తే, బార్‌లో తిరిగే మనిషి మాటకేం విలువని బానియన్ తీసిపారేస్తాడు, ఆమె హతమవుతుంది. అతని కోసం పెట్టిన బాంబుకి భార్య కేటీ బలవుతుంది. అతన్ని కలిసినందుకు డెబీ ముఖాన ఆమె ప్రియుడు విన్స్ మరిగే కాఫీ కుమ్మరిస్తాడు.

పోలీసు భార్య బర్తా చస్తేనే ఆమె దాచిన రహస్యం బయటపడుతుంది. బానియన్ ఆమెను చంపేదాకా వెళ్ళి ఆగిపోతాడు. ఆ పని డెబీ పూర్తిచేస్తుంది. అతని చేతులు శుభ్రంగానే మిగులుతాయి! ఇద్దరం మింక్ కోటు తొడుక్కున్న అక్కచెల్లెళ్ళమేనని చెప్పి మరీ కాలుస్తుంది డెబీ. మగవాళ్ళ పాపపు సొమ్ముతో వచ్చిన కోట్లవి. సోదరిత్వాన్ని గుర్తించిన క్షణంలోనే దాన్ని చంపించడం నన్ను కలవరపెడుతుంది.

విన్స్ తూటాకి డెబీ కూలిపోయాక గానీ బానియన్ ఆమెతో మనసు విప్పి మాట్లాడడు. చివర్లో, మళ్ళీ ఉద్యోగంలో చేరి, కాఫీ వేడిగా ఉంచమని చెప్పి వెళ్తాడు. అతను మరిచిపోయిన కాఫీని లాంగ్ మనకి గుర్తుచేస్తున్నాడనే అనుకుంటాను. అందుకు నలుగురు స్త్రీలు చావాల్సి రావడంతోనే నా పేచీ.