‘ఇంటి నేపథ్యం’ ఎవరి విలువ?

ఉద్యోగమిచ్చే మేనేజర్ని ‘మనుషుల్ని ఎట్లా ఎంచుకుంటారు?’ అని అడిగి చూడండి. ప్రతిభ చూస్తామంటాడు. కులం మాకు పట్టదంటాడు. అబద్ధమాడుతున్నాడని అనలేం, నమ్మే చెప్తాడు. సురీందర్ జోద్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసం బలం ఇక్కడే వుంది. ఢిల్లీలోని పెద్ద కంపెనీల్లో ఉద్యోగ నియామకాలు చూసే 25 మంది మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసమది. ప్రతిభే ముఖ్యమన్న ఆ నోళ్ళే, అభ్యర్థి ‘ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్’ కూడా తెలుసుకోవాలన్నాయి. తండ్రి ఏం చేస్తాడు, ఇంట్లో చదివినవాళ్ళెవరు అన్నదాంట్లో మనిషి నడవడి, విలువలు తెలుస్తాయని వాళ్ళ నమ్మకం.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. పి.జి. అయ్యాక మేం వొక ప్రైవేటు సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్ళాం. మార్కులు చూసి తలూపిన పెద్దమనిషి ఇంటిపేరు రెండుసార్లు అడిగాడు. ‘నాన్నగారేం చేస్తారు?’ అన్నాడు. ‘కూలికి పోతాడండీ’ అన్నాం. ఆ తర్వాత సబ్జెక్టులో వొక్క ప్రశ్న లేదు. ‘కబురు చేస్తాం’ అన్నాడు. ఆ కబురు ఇంతవరకు రాలేదు.

ఇది మా అనుమానం మాత్రమేనా? అదే సంచికలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అధ్యయనం వుంది. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. సమానమైన అర్హతలు, వేరు వేరు పేర్లు. అగ్రకుల హిందూ పేరుకి పిలుపొచ్చే అవకాశాన్ని 1 అనుకుంటే దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. ఇక్కడ మనిషి మొహం కూడా చూడలేదు. చూసింది పేరొక్కటే.

జోద్కా, న్యూమన్‌లు దీన్ని కులం దాగివున్న భాష అన్నారు. మా పేచీ ఈ మాటతోనే. దాగింది ఎవరికి? అడిగేవాడికి అది మర్యాద ప్రశ్న కావచ్చు. జవాబు చెప్పేవాడికి అది బట్టబయలు. 2012లో డి. అజిత్, హాన్ డాంకర్, రవి సక్సేనా వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్ని లెక్కగట్టారు. సుమారు 93 శాతం సభ్యులు అగ్రకులాలవాళ్ళే అని తేలింది. ఆ లెక్క కట్టింది ఇంటిపేర్లని బట్టే! పరిశోధకులు పోల్చుకోగలిగింది మేనేజరు పోల్చుకోలేడా?

అసలు విలువలంటే ఏవి? తెల్లారకముందే లేచి కలుపుకి పోయి, చేసిన పనికి పైసాతో సహా లెక్క నోటితో చెప్పే మా అమ్మ క్రమశిక్షణ ఏ దరఖాస్తు గడిలోనూ పట్టదు. కష్టాన్ని గొప్ప చేసి చూపటం మా ఉద్దేశం కాదు. అది వాళ్ళు కోరి ఎంచుకున్న బతుకు కాదు. కానీ ఇంట్లో ఇంగ్లీషు పేపరు వుండటం విలువై, ఇది లోటెట్లా అయింది? ‘వ్యక్తిగత విలువలు’ అని చెలామణి అవుతున్నవి వ్యక్తివి కావు. వాడలు నేర్పినవి, పెళ్ళి సంబంధాలు నేర్పినవి.

అందుకే మేనేజర్ల మనసు మారాలని వేచిచూడటంలో అర్థం లేదు. 2006లో పారిశ్రామికవేత్తల సంఘాలు స్వచ్ఛందంగా చేస్తామని మాటిచ్చాయి. ఉద్యోగాల్లో సమాన అవకాశమిచ్చే రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ కొలువులకే వర్తిస్తుంది. ప్రైవేటు గది తలుపు దగ్గరే ఆగిపోతుంది. మంచితనం మీద వదిలేసింది హక్కు ఎట్లా అవుతుంది? ఇంటర్వ్యూలో కుటుంబం గురించి అడగటం ఆపాలి. దరఖాస్తు చేసిందెవరు, ఉద్యోగం వచ్చిందెవరికి అన్న లెక్క కులాలవారీగా బయటపెట్టాలి. దీనికి చట్టం కావాలి.

అప్పటిదాకా మన పిల్లలకి మేం చెప్పేదొకటే. ‘నాన్నగారేం చేస్తారు?’ అంటే తల దించొద్దు. నిజం చెప్పండి. తర్వాత ఆ ప్రశ్న ఎందుకడిగారో మీరూ అడగండి.