ఆరంగుళాల కన్నం

మా వంటింట్లో చిమ్నీ రెండుసార్లు బిగించారు. మొదటిసారి వచ్చినవాళ్లు ముప్పావుగంటలో పని కానిచ్చి, గాజుపలక మెరిసేలా తుడిచి వెళ్లిపోయారు. పోపు వేసిన ప్రతిసారీ హాల్లో దగ్గులు మాత్రం ఆగలేదు. రెండోసారి ఒక్కడే వచ్చాడు, నలభై దాటిన మనిషి. ఆ పూటంతా సెలవు పెట్టి మరీ అతని పని చూస్తూ కూర్చున్నాను.

వస్తూనే చిమ్నీ వంక చూడలేదతను. వెనక బాల్కనీలోకి వెళ్లి గోడను బయటినుంచి చూశాడు. పొగ ఎక్కడ తేలాలో తెలిస్తేగాని దారి ఎటు వేయాలో తెలియదట. పాత గొట్టం సీలింగు దాకా ఎక్కి, రెండు వంపులు తిరిగి, ఎప్పటిదో నాలుగంగుళాల కన్నంలోకి దూరుతోంది. మోటారు మూతేమో ఆరంగుళాలు. "రెండంగుళాలే కదా అనుకుంటారండీ" అని నవ్వాడు. లెక్క వేసి చూశాను: గుండ్రటి దారి వ్యాసం ఆరు నుంచి నాలుగుకు తగ్గితే వైశాల్యంలో మిగిలేది 44 శాతమే. ఇక అట్టపెట్టె మీద గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి అని ఎంత పెద్ద అక్షరాలతో ఉంటే ఏం? రొదే మిగిలింది మాకు.

కొత్త కన్నానికి చోటు వెతకడంలోనే అరగంట గడిచింది. దూలం తగలకూడదు, స్తంభం తగలకూడదు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన అసలే వద్దు, గోడలో కరెంటు పైపు ఎక్కువగా ఆ దారినే పోతుంది. చోటు కుదిరాక వజ్రపు పళ్ల కోర్ కటింగ్ మిషన్ పట్టి, నీళ్లు పోస్తూ నెమ్మదిగా తొలిచాడు. సుత్తీ ఉలీ పెట్టి కొట్టి ఉంటే అవతలివైపు ప్లాస్టరు పళ్లెమంత పెచ్చు ఊడేది. తొమ్మిదంగుళాల గోడలోంచి పొత్రంలాంటి ముక్క నున్నగా చేతిలోకొచ్చింది.

మిషన్ను మాత్రం సమంగా పట్టలేదు, బయటివైపుకు కాస్త వాలుగా పట్టాడు. వానజల్లు లోపలికి రాకూడదు, గొట్టంలో చెమర్చిన నీరు వంటింట్లోకి కారకూడదు. రసమట్టంలో బుడగ గీత దాటి ఎంత జరగాలో అతని కంటికి తెలుసు. మట్టం ఉన్నది సమం చూసుకోవడానికేననుకునేవాణ్ణి. కావాలని తప్పేటప్పుడు ఎంత తప్పాలో చెప్పేదీ అదేనని ఆ రోజే తెలిసింది.

తర్వాత మా అమ్మను పిలిచాడు. "అమ్మా, రోజూ కలిపినట్టే ఒకసారి గరిటె తిప్పండి." ఖాళీ మూకుడులో అమ్మ గరిటె తిప్పుతుంటే పక్కన నిలబడి ఆమె నుదుటి ఎత్తు చూసుకున్నాడు. స్టవ్ పైనుంచి 26 నుంచి 30 అంగుళాల ఎత్తున చిమ్నీ ఉండాలన్నది కంపెనీలు మామూలుగా చెప్పే మాటే. 28 దగ్గర పెన్సిలు గీత పెట్టాడు. డ్రిల్లు కింద కాగితాన్ని దొన్నెలా మడిచి గోడకు అంటించాడు, గట్టు మీద గుప్పెడు దుమ్మయినా పడలేదు. ఇలాంటివి ఎవరూ అడగరు, బిల్లులోనూ ఉండవు.

నాకు బాగా నచ్చింది గొట్టం పని. అల్యూమినియం గొట్టం హార్మోనియం తిత్తిలా ముడుచుకుని వస్తుంది. మొదటివాళ్లు దాన్ని సగం ముడతలతోనే ఏనుగు తొండంలా వేలాడదీశారు. ప్రతి ముడతా గాలికి అడ్డే, జిడ్డుకు గూడే. ఇతను ముడతలు విడిపోయేదాకా లాగి, కొలిచి, మిగిలినదాన్ని మొహమాటం లేకుండా కోసేశాడు. మోటారు మూతి పైకి, కన్నం గోడకు, కాబట్టి ఒక వంపు తప్పదు. ఆ ఒక్కదాన్నీ మోచేయి మడిచినట్టు కాక విశాలంగా తిప్పాడు. క్లిప్పు బిగించి, పైన అల్యూమినియం టేపు చుట్టి, మా వంటింటి చెంచానే అడిగి తీసుకుని దాని వీపుతో టేపును రుద్దాడు. ఎక్కడా బుడగ లేదు. దీనంతటి మీదా స్టీలు తొడుగు పడింది. అది బిగించడానికి పట్టింది ఐదు నిమిషాలు.

అగరొత్తి వెలిగించి చిమ్నీ అంచు దగ్గర పట్టాడు. కిటికీలన్నీ మూసి ఉంటే పొగ తటపటాయించింది. హాలు కిటికీ తెరవగానే చటుక్కున లోపలికి మళ్లింది. "బయటికి పంపినంత గాలి లోపలికి రావాలి కదండీ. స్టవ్ పక్క కిటికీ మాత్రం తెరవకండి, అడ్డగాలి పొగను లాక్కుపోతుంది."

అమ్మ మూకుడు పెట్టి ఎండుమిరపకాయలు, ఇంగువతో పోపు వేసింది. అతను మూకుడు దగ్గర లేడు, బాల్కనీలో ఉన్నాడు. కన్నం బయట అమర్చిన మూతలో చిన్న రెక్క ఉంది. గాలి తోస్తే లేస్తుంది, ఆపితే తన బరువుకు తనే పడి పావురాలనూ ఎదురుగాలినీ ఆపుతుంది. స్విచ్ ఆపమన్నాడు. రెక్క టక్కున పడింది.

"ఈ చప్పుడు వినపడని రోజున జిడ్డు పట్టిందని అర్థమండీ. సబ్బునీళ్లతో తుడిస్తే చాలు, నన్ను పిలవక్కర్లేదు."