ముందు గేమ్ పేరు చెప్పండి

ర్యామ్ రేటు చూసి ఈ వారం ఒళ్ళు మండింది. పోయినేడు మొదట్లో డీడీఆర్4 పదహారు జీబీ మూడు వేల చిల్లరకు వచ్చేది. కంప్యూటర్ కట్టించుకునేవాళ్ళెవరూ దాని గురించి పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. బేరమంతా అయ్యాక చివర్లో "ర్యామ్ కూడా వేసేయండి" అనేవాళ్ళం, అంతే. ఇప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్ళి కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్లెక్కి అడిగితే మూడు రెట్లు చెబుతున్నారు. పైగా కొటేషన్ కింద "ఈ రేటు ఈ రోజు వరకే" అని ఒక ముక్క. మదనపల్లె టమాటా ధరకే ఇంతకన్నా నిలకడ ఉంది.

కారణం పేపర్లు చదివేవాళ్ళకు తెలిసిందే. ప్రపంచంలో మెమరీ చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలు మూడు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎంత ధరైనా పెట్టి మెమరీ కొంటుంటే మూడూ అటే మొగ్గాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకు అమ్మే వ్యాపారమే వదులుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించేసింది. ఎక్కడో ఎవరో చాట్‌బాట్‌తో పెళ్ళిరోజు కవిత రాయించుకుంటే ఆ ఖర్చు ఇక్కడ ఇంజనీరింగ్ కుర్రాడి జేబులోంచి పోతోంది.

ఆ కుర్రాడు మా మేనల్లుడే. హన్మకొండలో బీటెక్ మొదటి ఏడాది. బావ ఇంటర్ నుంచీ బెట్టు చేసి చేసి చివరికి నలభై వేలకు ఒప్పుకున్నాడు. మానిటరూ కీబోర్డూ ముందే ఉన్నాయి కాబట్టి డబ్బంతా డబ్బాకే. వాడు వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపాడు. ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్ల క్యాబినెట్, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు. కింద వాడి ప్రశ్న: "మామా, ఇది తీసుకుంటే పద్దెనిమిది వేలు మిగుల్తయి గదా?"

ఇలాంటి ప్రకటనల్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. అదే వాటి తెలివి. ఐ7 అన్నది నిజమే, కాకపోతే అది 2011లో వచ్చిన ఐ7 2600. నాలుగు జీబీ కార్డన్నదీ నిజమే. అది జీటీ 730, అందులోనూ డీడీఆర్3 మెమరీ వేసిన రకం. మెమరీ ఎంత పెట్టినా దాన్ని వేగంగా వాడుకునే శక్తి ఆ చిప్‌కు లేదు. నాలుగు అన్న అంకె కార్డు పనికి కాదు, అమ్మకానికి పనికొస్తుంది. మదర్‌బోర్డు ఏ కంపెనీదో ప్రకటనలో లేదు. వాటన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాట అసలే లేదు.

ఎస్ఎంపీఎస్ పేరెత్తగానే పాత పాఠకులు పేజీ తిప్పేస్తారని తెలుసు. ఈసారి తొందరగా వదిలేస్తాను. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, ఆ తర్వాత మంచి కంపెనీది తీసుకుని చూడండి. రెండింటి మీదా 450 వాట్స్ అనే ఉంటుంది, ఒకటి మాత్రం ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోతుంది. 80 ప్లస్ స్టిక్కర్ చూసి కూడా మురిసిపోవద్దు. లోపలికి వెళ్ళిన కరెంటులో ఎంత వృథా అవుతుందో అది చెబుతుంది. ఓల్టేజీ ఎగిరిపడినప్పుడు మీ మదర్‌బోర్డును కాపాడుతుందో లేదో చెప్పదు. ఎండాకాలం మన ఊళ్ళలో కరెంటు ఎలా వచ్చిపోతుందో తెలిసినవాళ్ళకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మేనల్లుడికి ఫోన్‌లో దంచాను. వాడు ఓపిగ్గా విని, "కానీ మామా, వాలరెంట్ వాళ్ళే జీటీ 730 అని రాసిన్రు" అన్నాడు. తెరిచి చూస్తే నిజంగానే ఉంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఐ3 4150 ప్రాసెసర్, జీటీ 730 కార్డు చాలని ఆ గేమ్ సిఫార్సులో రాశారు. అంటే నేను అరగంట నుంచి తిడుతున్న కార్డు వాడికి కావలసిన పని చేసిపెడుతుంది. విండోస్‌ను అడ్డం పెట్టుకుని బయటపడ్డాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే విండోస్ 11 మీద వాలరెంట్ తెరుచుకోదు. 2011 నాటి ఐ7 అక్కడ ఆగిపోతుంది. ప్రకటనను అలా పక్కన పెట్టించాను గానీ, వాడు వేసిన అడ్డుప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఎస్సార్ నగర్‌లో మేం నలుగురం ఒకే గదిలో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. 2004. పగలు అమీర్‌పేటలో జావా, ఒరాకిల్. సాయంత్రం నెట్ సెంటర్లో గంటకు ఇంతని కట్టి గేమ్స్. ఆ కట్టే డబ్బు లెక్కేసుకుని, తలా కొంత వేసుకుని గదికే ఒక కంప్యూటర్ కొన్నాం. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు తర్వాత చూద్దాంలే అనుకున్నాం. జనగామ నుంచి వచ్చిన రూమ్మేట్ మాత్రం ఆగలేకపోయాడు. నెట్ సెంటర్లో ఎవరో "ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్" ఆడుతుంటే వెనకాల నిలబడి చూసి వచ్చినప్పటి నుంచీ వాడికి నిద్ర లేదు. గోడ మీద పరుగెత్తే ఆ రాజకుమారుడు మా గదిలో పరుగెత్తాలి, అంతే.

జీతాలు లేని రోజుల్లో వాడు ఎలా కూడబెట్టాడో తెలియదు, ఒక శనివారం నన్ను వెంటేసుకుని పార్క్‌లేన్ వెళ్ళాడు. షాపులో ఒక పెద్దాయన. ముందు కాలిక్యులేటరూ లెటర్‌ప్యాడూ. తల ఎత్తకుండానే "ఏ గేమ్ ఆడతారు?" అన్నాడు. మావాడు "అన్నీ" అన్నాడు. ఆయన పెన్ను కింద పెట్టాడు. "అన్నీ ఆడే కార్డు నీ డబ్బుకు రాదు బేటా. ఒక్కటి చెప్పు." మావాడికి అనుమానం వచ్చింది, ఖరీదైనది అంటగట్టడానికే అడుగుతున్నాడని. గేమ్ పేరు చెప్పకుండా, అద్దాల అల్మరాలో బొమ్మ బాగున్న పెట్టెను చూపించి అది ఇమ్మన్నాడు. పేరులో కొత్త తరం అంకె, 64 ఎంబీ మెమరీ, ధర పక్కదాని కన్నా బాగా తక్కువ. పెద్దాయన ఇంకేం మాట్లాడకుండా బిల్లు రాశాడు.

గదికొచ్చి క్యాబినెట్ పక్కడోరు ఊడదీశాం. ఏజీపీ స్లాట్‌లో కార్డు నొక్కితే చివర ఉన్న చిన్న కొక్కెం టక్కుమని పడింది. ఆ రాత్రి జీటీఏ వైస్ సిటీ వెన్నలా నడిచింది. పక్కగది వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత అసలు సీడీ పెట్టాడు. ఇన్‌స్టాల్ అయింది. తెరిస్తే మీ కార్డు పనికిరాదని ఒక బాక్స్ వచ్చి కూర్చుంది. కార్డు పేరు కొత్త తరానిదే, లోపలి చిప్ మాత్రం పాత తరానిది. 2003లో వచ్చిన ఆ గేమ్‌కు పిక్సెల్ షేడర్ లేనిదే బండి కదలదు. ఆ చిప్‌లో పిక్సెల్ షేడరే లేదు. ఏ కార్డులు పనికిరావో గేమ్ పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది.

సోమవారం మళ్ళీ వెళ్ళాం. పెద్దాయన ముఖంలో "నేను ముందే అడిగాను కదా" అన్న భావం ఏ కోశానా లేదు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి తీసుకున్నాడు, తేడా డబ్బు కట్టించుకుని ఇంకొకటి ఇచ్చాడు. కొత్త బిల్లు రాస్తుంటే చూశాను. పైన మొదటి లైన్లో "ప్రిన్స్" అని రాసి గీత కొట్టి, దాని కింద కార్డు పేరు రాశాడు. లెటర్‌ప్యాడ్‌లో ముందు పేజీలు కూడా అంతే. ప్రతి కొటేషన్‌కూ మొదటి లైన్ గేమ్ పేరు, పార్టులు ఆ తర్వాతే. (మా రూమ్మేట్ ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాడు. మా బావ బడ్జెట్‌కు నాలుగింతల కార్డు కొన్నాడు. ఆడటానికి టైమ్ లేదట.)

మేనల్లుడికి మళ్ళీ ఫోన్ చేసి పెద్దాయన ప్రశ్నే అడిగాను. "వాలరెంట్ మామా, రోజూ. ఫ్రెండ్స్ అందరూ అదే. అప్పుడప్పుడు జీటీఏ ఫైవ్." కాసేపాగి, "జీటీఏ సిక్స్ వస్తే అది కూడా." ఈ చివరిది నాకు చాలామంది చెబుతున్నారు. జీటీఏ 6 ప్రకటించింది పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్‌కీ. పీసీకి ఎప్పుడని తేదీ చెప్పలేదు. తేదీ లేని గేమ్ కోసం ఇవాళ అప్పు చేసి కార్డు కొంటున్నవాళ్ళు మనలో ఉన్నారు.

ఇక కాగితం తీసుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ నా పాత సూత్రంతోనే మొదలుపెట్టాను, బడ్జెట్‌లో సగం గ్రాఫిక్స్ కార్డుకే అని. ఆర్ఎక్స్ 6600: ఎనిమిది జీబీ, 132 వాట్స్, ఒకే ఒక్క ఎనిమిది పిన్నుల వైరు. మధ్యతరగతికి ఇంత నెమ్మదైన కార్డు మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. ఇరవై వేల పైమాటే. దానికి జోడీగా ఐ3 12100ఎఫ్. బోర్డు, మండిపోతున్న ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్. కూడితే యాభై దాటింది.

సరిగ్గా ఇక్కడే కత్తెర బయటికొస్తుంది. అందరి చెయ్యీ ముందు ఎస్ఎంపీఎస్ మీదికే పోతుంది, ఎందుకంటే అది ఫ్రేములు పెంచదు. ఆ తర్వాత ర్యామ్ ఎనిమిది చాలులే అంటారు. తర్వాత ఎస్ఎస్‌డీ బదులు ఇంట్లో పడున్న పాత హార్డ్ డిస్క్. ఇంత చేసి మిగిలేది పెద్ద కార్డు తగిలించిన నీరసపు కంప్యూటర్. సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 580 వేయొచ్చు కదా అని ఒక మిత్రుడన్నాడు. 2017 నాటి కార్డు, 185 వాట్స్, ఎవరి మైనింగ్ షెడ్డులో రాత్రింబవళ్ళు కాగిందో తెలియదు. ఎదురుగా ఉండి చూసుకునేవాళ్ళు కొనుక్కోవచ్చు. హాస్టల్ పిల్లాడికి అది నేను అంటగట్టలేను.

పెద్దాయన పద్ధతిలో కాగితం పైన "వాలరెంట్, జీటీఏ 5" అని రాసి మళ్ళీ చూశాను. ఆ రెంటికీ విడిగా కార్డే అక్కర్లేదు. రైజెన్ 5 5600జీ అని 2021లో వచ్చిన ప్రాసెసర్ ఉంది. ఆరు కోర్లు, 65 వాట్స్, గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంది. 1080పీలో సెట్టింగులు తగ్గించి పెడితే వాలరెంట్ వంద ఫ్రేముల పైనే ఆడుతుంది, జీటీఏ 5 కూడా హాయిగా నడుస్తుంది. కొత్త పెద్ద గేమ్స్ మాత్రం దీని వల్ల కావు, ఆ ఆశ పెట్టుకోవద్దు. గ్రాఫిక్స్ లేకుండా వచ్చే 5600తో పోలిస్తే దీని ఎల్3 క్యాష్ సగమే, పీసీఐ కూడా 3.0 దగ్గరే ఆగింది. అయినా రేపు 6600 లాంటి కార్డు కొనుక్కొచ్చి పెడితే మోస్తుంది. సాకెట్ ఏఎం4. 2017లో మొదటి రైజెన్లు ఎక్కిన సాకెట్ మీదే 2022లో 5800ఎక్స్3డీ కూడా ఎక్కింది కాబట్టి బోర్డుకు ఇంకా ఆయువుంది. ఏఎం5కు వెళ్తే డీడీఆర్5 కొనాలి, దాని జోలికి ఇప్పుడు పోలేం.

ఇందులో ఒక మెలిక ఉంది. చిప్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది. పదహారు జీబీ ఒకే స్టిక్ వేస్తే దారి సగమైపోయి ఫ్రేములు దారుణంగా పడిపోతాయి. ఎనిమిదీ ఎనిమిదీ రెండు స్టిక్కులు వేసి తీరాలి. అంటే ఈ వారమంతా నేను ఏ వస్తువును తిడుతున్నానో దాంట్లోనే పైసా తగ్గించకూడదు. కానిద్దాం అనుకున్నాను. 550 వాట్స్ మంచి ఎస్ఎంపీఎస్, ఎనిమిది పిన్నుల వైరు ఉన్నది, కూడా వేశాక లెక్క నలభైలోపే తేలింది. కార్డు స్లాట్ ఖాళీ. బావకు చెబితే "గేమింగ్ పీసీలో గేమింగ్ కార్డు లేదా?" అని నవ్వాడు గానీ డబ్బు పంపాడు.

"గేమింగ్ పీసీ అంటే గ్రాఫిక్స్ కార్డు, బడ్జెట్‌లో సగం దానికే" అని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఆ కటింగులు దాచుకున్నవాళ్ళు వాటిని అరవై వేలు దాటితేనే బయటికి తీయండి. నలభైలో కట్టించుకునేవాళ్ళు కార్డు మానేయండి. ర్యామ్ మాత్రం 8+8 అని బిల్లులో రాయించుకోండి.